విశాఖ తీరంలో 31, లేహ్‌లో 34.7: ఇన్సులేటర్ల మీద దుమ్ము లెక్క వేరు, ఎత్తు లెక్క వేరు

కింద చదివేవాళ్లకి కూడా అర్థమవ్వాలి కాబట్టి తమ్ముడు అడిగింది ముందు రెండు ముక్కల్లో చెప్తా. తను మూడేళ్లు విశాఖ, అనకాపల్లి వైపు 220 కేవీ లైన్ల పని చేశాడు, అక్కడ టెండర్‌లో ఇన్సులేటర్ (తీగని టవర్‌కి తగలకుండా పట్టి ఉంచే పింగాణీ) క్రీపేజ్, అంటే దాని ఉపరితలం వెంబడి కొలిచే దూరం, కేవీకి (కిలోవోల్ట్‌కి) 31 మిల్లీమీటర్లు అని ఉండేది. ఇప్పుడు కంపెనీ లద్దాఖ్ ప్రాజెక్టుకి వేసింది, అక్కడి కాగితాల్లో 34.7 అని ఉంది, పైగా ఆల్టిట్యూడ్ కరెక్షన్, అంటే ఎత్తుకి చేసే సవరణ, వేరే. ఫ్యాక్టరీలూ సముద్రమూ లేని చోట విశాఖ కంటే ఎక్కువ పొల్యూషన్ ఏంటి, క్రీపేజ్ అంటే పింగాణీ ఉపరితలం మీద కొలిచే దూరం కదా దానికీ ఎత్తుకీ సంబంధం ఏంటి, సీనియర్ ఏమో యాంటీ ఫాగ్ డిస్కులు (కింద లోతైన గాడులున్న పింగాణీ పళ్లేలు) నాలుగు ఎక్కువ వేసేస్తే సరిపోతుంది అంటున్నాడు, అది కరెక్టేనా అని ప్రశ్న.

కరెక్ట్ కాదు తమ్ముడూ. డిస్కులు పెంచడం తప్పని కాదు, కానీ ఆ కారణంతో ఆ రకం డిస్కులు పెంచడం తప్పు.

ముందు ఆ 31, 34.7 గొడవ తీర్చేద్దాం, ఎందుకంటే సగం మంది ఇక్కడే పడిపోతున్నారు. పాత ఐఈసీ 60815 (అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణం, 1986లో వచ్చింది) పొల్యూషన్‌ని నాలుగు లెవెల్స్‌గా పెట్టింది, లైట్‌కి 16, మీడియంకి 20, హెవీకి 25, వెరీ హెవీకి 31. ఇవి ఫేజ్‌కీ ఫేజ్‌కీ మధ్య ఉండే గరిష్ఠ ఓల్టేజ్ మీద లెక్క, అంటే 220 కేవీ సిస్టమ్‌కి 245 తో గుణించాలి. 2008లో కొత్త ఎడిషన్ వచ్చినప్పుడు, ఇన్సులేటర్ మీద నిజంగా పడేది ఫేజ్‌కీ భూమికీ మధ్య ఓల్టేజ్ కదా అని దాని మీద లెక్క మార్చారు, మార్చితే అన్ని అంకెలూ 1.732 రెట్లు పెరిగాయి. ఇప్పుడు అయిదు క్లాసులు, వెరీ లైట్‌కి 22, లైట్‌కి 27.8, మీడియంకి 34.7, హెవీకి 43.3, వెరీ హెవీకి 53.7. కాబట్టి నీ లద్దాఖ్ కాగితంలో 34.7 అంటే పాత భాషలో 20, మీడియం. విశాఖలో నువ్వు చూసిన 31 అంటే కొత్త భాషలో 53.7. కావాలంటే వేసి చూడు, 31 ఇంటూ 245 చేస్తే 7595 మిల్లీమీటర్లు, 245 ని 1.732 తో భాగించి 53.7 తో గుణించినా అదే 7595 వస్తుంది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కొత్త అంకెని పాత ఓల్టేజ్‌తో గుణించి ఆర్డర్ పెట్టినవాళ్లూ ఉన్నారు, పాత అంకెని కొత్త ఓల్టేజ్‌తో గుణించినవాళ్లూ ఉన్నారు. మొదటిదాంట్లో డబ్బులే పోతాయి, రెండోదాంట్లో లైనే పోతుంది. కాబట్టి కాగితం మీద కేవీకి ఇన్ని మిల్లీమీటర్లు అని కనిపించగానే, ఏ కేవీ అని అడగాలి.

ఇక దుమ్ము సంగతి. ఎండిపోయిన దుమ్ము దాదాపు ఏమీ చెయ్యదు, నల్లగా మసిపట్టిన స్ట్రింగ్ (డిస్కుల దండ) కూడా మిట్టమధ్యాహ్నం హాయిగా నిలబడుతుంది. పెద్ద వాన కూడా ఏమీ చెయ్యదు, చేస్తే మేలే చేస్తుంది, కడిగేస్తుంది. చంపేది ఆ రెండింటి మధ్యలో ఉండే తడి, అంటే పొగమంచు, తెల్లవారుజాము మంచు, చిన్న తుంపర. ఆ తడికి దుమ్ములో ఉన్న ఉప్పు కరిగి ఉపరితలం అంతా పల్చటి కండక్టర్ పొర అవుతుంది, దాని గుండా లీకేజ్ కరెంట్ మొదలవుతుంది. డిస్క్‌లో పిన్ దగ్గర చుట్టుకొలత తక్కువ కాబట్టి అక్కడ కరెంట్ ఒత్తిడి ఎక్కువ, అక్కడే వేడెక్కి తడి ముందు ఆరిపోతుంది, ఒక ఎండిన పట్టీ ఏర్పడుతుంది, దీన్నే డ్రై బ్యాండ్ అంటాం. అప్పుడు ఏమవుతుందంటే, అప్పటిదాకా ఉపరితలం అంతా పరుచుకుని ఉన్న ఓల్టేజ్ మొత్తం ఆ రెండు మూడు సెంటీమీటర్ల పట్టీ మీదకి వచ్చి పడుతుంది, గాలి తట్టుకోలేక చిన్న ఆర్క్ వెలుగుతుంది. రాత్రిపూట లైన్ కింద నిలబడితే చిటపట శబ్దం, డిస్కుల కింద నీలం, నారింజ రంగు మెరుపులు కనిపించేది ఇదే. చాలాసార్లు ఆ ఆర్క్ ఆరిపోతుంది, మళ్లీ వెలుగుతుంది, అలా గంటలు గడిచిపోతాయి. కానీ మిగతా తడి పొర రెసిస్టెన్స్ బాగా తక్కువగా ఉంటే ఆర్క్‌కి కావాల్సినంత కరెంట్ దొరుకుతుంది, అది పాక్కుంటూ పొడుగవుతుంది, పక్క డిస్క్ ఆర్క్‌తో కలుస్తుంది, మొత్తం స్ట్రింగ్ దాటేస్తుంది. పిడుగు లేదు, స్విచింగ్ సర్జ్ (లైన్ ఆన్, ఆఫ్ చేసినప్పుడు వచ్చే ఓల్టేజ్ పొంగు) లేదు, మామూలు ఓల్టేజ్ మీదే ఫ్లాష్ ఓవర్. దీని అసలు ప్రమాదం అదే. పిడుగు ఒక్క క్షణం వచ్చి పోతుంది, ఆటో రీక్లోజ్ (లైన్‌ని దానంతటదే మళ్లీ కలపడం) చేస్తే లైన్ నిలబడుతుంది. పొల్యూషన్ ఫ్లాష్ ఓవర్‌లో లైన్ మళ్లీ ఛార్జ్ చేసినా తడి అక్కడే ఉంది, ఉప్పు అక్కడే ఉంది, మళ్లీ పోతుంది, పైగా ఒకే మంచులో పక్కపక్క టవర్లు, పక్కపక్క లైన్లు వరసగా పోతాయి. 2000 దశకం చివర్లో ఉత్తరాదిన చలికాలం పొగమంచులో లైన్లు గుంపుగా ట్రిప్ అయ్యింది ఇందుకే, ఆ తర్వాతే అక్కడ పింగాణీ తీసేసి పాలిమర్ (సిలికాన్ రబ్బర్ ఇన్సులేటర్లు) వెయ్యడం, హెలికాప్టర్ నుంచి నీళ్లు కొట్టి కడగడం జోరందుకుంది.

మన దగ్గర చూస్తే విశాఖలో సముద్రపు ఉప్పు ఒక్కటే కాదు, స్టీల్ ప్లాంట్, రిఫైనరీ, పోర్టులో బొగ్గు, ఖనిజం దుమ్ము, పరవాడ వైపు సింహాద్రి బూడిద, అన్నీ కలిసి పడతాయి. ఉప్పు ఒక్కటే అయితే వాన వస్తే పోతుంది. బూడిద, మట్టి లాంటి కరగని దుమ్ము కలిస్తే అది తడిని పట్టి ఉంచుతుంది, ఉప్పుని కడుక్కుపోనివ్వదు. అందుకే కొలిచేటప్పుడు కరిగేదాన్ని వేరుగా, కరగనిదాన్ని వేరుగా కొలవాలి, కరిగేది ఈఎస్‌డీడీ, కరగనిది ఎన్‌ఎస్‌డీడీ అని రెండు. సిమెంట్ బెల్ట్ కథ ఇంకో రకం. తాడిపత్రి, ఎర్రగుంట్ల, తాండూరు, సూర్యాపేట జిల్లా మఠంపల్లి వైపు, అక్కడ దుమ్ము మంచుకి తడిసి గట్టిపడి పెంకు కడుతుంది, వాన కాదు కదా ప్రెజర్ నీళ్లు కొట్టినా రాదు, ఎల్సీ (లైన్ ఆపి పని చేసే అనుమతి) తీసుకుని మనిషి ఎక్కి రుద్దాల్సిందే. ఎరువుల ఫ్యాక్టరీ దగ్గర దుమ్ము చూడ్డానికి కొంచెమే ఉంటుంది, కానీ మొత్తం కరిగే ఉప్పే, కాబట్టి కంటికి శుభ్రంగా కనిపించే డిస్కులే ముందు పోతాయి. కంటితో చూసి పొల్యూషన్ క్లాస్ నిర్ణయించకూడదు అని నేను గట్టిగా చెప్పేది అందుకే.

కొలవడం పెద్ద బ్రహ్మవిద్య కాదు. లైన్ దగ్గర్లో కరెంట్ లేకుండా ఒక డమ్మీ స్ట్రింగ్ వేలాడదీస్తారు, కొన్ని నెలలకి, ముఖ్యంగా వానలు మొదలయ్యే ముందు, ఒక డిస్క్ దించి డిస్టిల్డ్ వాటర్‌తో, శుభ్రమైన దూదితో పైభాగం వేరుగా, కింది భాగం వేరుగా తుడిచి ఆ నీళ్ల కండక్టివిటీ కొలుస్తారు. టెంపరేచర్ రాసుకోవాలి, ఎందుకంటే 20 డిగ్రీలకి సరిచెయ్యాలి. దాన్నుంచి ఎంత మామూలు ఉప్పుకి సమానమో లెక్కేసి ఉపరితల వైశాల్యంతో భాగిస్తే చదరపు సెంటీమీటర్‌కి ఇన్ని మిల్లీగ్రాములు అని వస్తుంది. అది 0.01 దగ్గర ఉంటే ఊరుకోవచ్చు, 0.1 అంటే జాగ్రత్తపడాలి, 0.3 దాటితే మామూలు డిస్కుల గురించి మర్చిపోవచ్చు. నీళ్లు తీసుకున్న సీసా శుభ్రంగా లేకపోతే, చేతికి చెమట ఉంటే లెక్క మొత్తం పాడవుతుంది, గ్లవ్స్ వేసుకోవాలి. మనవాళ్లు ఇదంతా చెయ్యకుండా పక్క లైన్‌లో ఏం వేశారో చూసి అదే రాసేస్తారు, పక్క లైన్ ఏ గాలి వైపు ఉంది, సముద్రానికి ఎంత దూరం అని కూడా చూడరు.

ఇప్పుడు అంకెల్లోకి వద్దాం. మామూలు 255 ఇంటూ 145 (వ్యాసం, ఎత్తు మిల్లీమీటర్లలో) డిస్క్‌కి క్రీపేజ్ రమారమి 292 మిల్లీమీటర్లు. 220 కేవీకి 14 వేస్తే 4088, అంటే పాత లెక్కలో కేవీకి 16.7, ఊరి బయట పొలాల్లో ఇది చాలు. విశాఖలో 7595 కావాలంటే అవే మామూలు డిస్కులు 26 పట్టాలి, స్ట్రింగ్ మూడు మీటర్ల డెబ్బై అయిదు సెంటీమీటర్లు దాటుతుంది, టవర్ తట్టుకోదు. 432 మిల్లీమీటర్ల క్రీపేజ్ ఉన్న యాంటీ ఫాగ్ వేస్తే 18 తో అయిపోతుంది. కింద లోతైన గాడులు ఉంటాయి కదా, అదే ఎత్తులో ఎక్కువ ఉపరితలం ఇరికించడం, దాని పని అదే. సీనియర్ చెప్పిన మాట విశాఖకి నూటికి నూరు పాళ్లు సరైనదే. లేహ్‌కి ఎందుకు కాదో ఇప్పుడు చెప్తా.

ఎత్తుకి వెళ్తే మారేది ఉపరితలం కాదు, గాలి. లేహ్ 3500 మీటర్లు, అక్కడ గాలి ఒత్తిడి సముద్ర మట్టంలో ఉండేదాంట్లో 65 శాతమే. గాలి పల్చబడితే ఎలక్ట్రాన్ ఒక అణువుని గుద్దుకునే ముందు ఎక్కువ దూరం పరిగెత్తుతుంది, ఎక్కువ వేగం పుంజుకుంటుంది, గుద్దినప్పుడు ఇంకో ఎలక్ట్రాన్‌ని ఊడగొట్టే బలం ఉంటుంది, కాబట్టి అదే గ్యాప్ తక్కువ ఓల్టేజ్‌కే తెగిపోతుంది. మన సామాన్లన్నీ 1000 మీటర్ల దాకా పనికొచ్చేలా తయారవుతాయి, ఆపైన ప్రతి మీటరూ లెక్క కట్టాలి. ఐఈసీ 60071 చెప్పే పద్ధతి ఏంటంటే, 1000 పైన ఉన్న ఎత్తుని 8150 తో భాగించు, దాన్ని ఎం అనే అంకెతో గుణించు, వచ్చినదాన్ని ఈ అనే గణిత స్థిరాంకం (e, దాదాపు 2.718) మీద పవర్‌గా వెయ్యి. పిడుగు ఇంపల్స్‌కి (క్షణకాలం వచ్చే ఓల్టేజ్ దెబ్బకి) ఎం విలువ 1. లేహ్‌కి 2500 బై 8150 అంటే 0.307, ఈ పవర్ 0.307 అంటే 1.36. అంటే 220 కేవీ లైన్‌కి మామూలుగా పెట్టే 1050 కేవీ ఇంపల్స్ లెవెల్ అక్కడ నిలబడాలంటే కింద ల్యాబ్‌లో 1427 కేవీ తట్టుకోవాలి. 1425 అనేది స్టాండర్డ్‌లో 400 కేవీ సామాన్లకి ఉండే లెవెల్. అంటే లేహ్‌లో నువ్వు కట్టేది పేరుకి 220, గాలి గ్యాప్‌ల లెక్కలో అది 400 కేవీ తరగతి సామాన్ల పక్కకి వచ్చేసింది. ఇది మనసులో పెట్టుకుంటే సగం ప్రశ్నలకి జవాబు దొరుకుతుంది.

మన రెండు రాష్ట్రాల్లో ఈ బాధ ఎందుకు తెలీదంటే, తూర్పు కనుమల్లో అన్నిటికంటే ఎత్తైన అర్మ కొండే దాదాపు 1680 మీటర్లు, అరకు, లంబసింగి అన్నీ 1000 అటూ ఇటూ. సీలేరు, మాచ్‌ఖండ్ లైన్ల మీద పనిచేసినవాళ్లు కూడా దీని కోసం తలబద్దలు కొట్టుకునే పని పడలేదు. అందుకే మనవాళ్లు ఇన్సులేటర్ సమస్య అనగానే దుమ్ము అనుకుంటారు, దుమ్ముకి మందు యాంటీ ఫాగ్ అనుకుంటారు. శ్రీనగర్ నుంచి ద్రాస్, కార్గిల్, ఖల్సీ మీదుగా లేహ్‌కి వెళ్లే 220 కేవీ లైన్ 2019 ఫిబ్రవరిలో ప్రారంభమైంది, 335 కిలోమీటర్ల దాకా ఉంటుంది, అది జోజి లా దాటాలి, ఆ కనుమే 3528 మీటర్లు. చైనావాళ్లు 2011 చివర్లో గోల్ముడ్ నుంచి లాసాకి ప్లస్ మైనస్ 400 కేవీ డీసీ లైన్ వేశారు, అందులో చాలా భాగం 4000 మీటర్ల పైనే. ఇలాంటి చోట్ల దుమ్ముతో పాటు ఎత్తు కూడా డిజైన్‌ని శాసిస్తుంది.

ఇక నీ అసలు ప్రశ్న, క్రీపేజ్ ఉపరితలం మీద దూరం కదా దానికి ఎత్తుతో పనేంటి అని. పైన చెప్పిన డ్రై బ్యాండ్ గుర్తు తెచ్చుకో. ఆ ఆర్క్ మండేది గాలిలో. గాలి పల్చబడితే ఆర్క్ చుట్టూ చల్లదనం తగ్గుతుంది, ఆరిపోవాల్సినది ఆరదు, తక్కువ ఓల్టేజ్‌తోనే పొడుగవుతుంది. తడి పొర రెసిస్టెన్స్ మాత్రం ఎత్తుకి మారదు. సగం ఆట గాలిది, సగం ఉపరితలానిది కాబట్టి ఎత్తు ప్రభావం కూడా దాదాపు సగమే, అందుకే మామూలు ఆకారం డిస్కులకి దుమ్ము ఉన్న పరిస్థితిలో ఎం విలువ 1 బదులు 0.5 పెట్టమంటుంది స్టాండర్డ్. లేహ్‌కి అది 1.17 అవుతుంది, అంటే క్రీపేజ్ 17 శాతం పెంచాలి. ఇప్పుడు ఈ అంకె చూడు, అదే స్టాండర్డ్ యాంటీ ఫాగ్ డిస్కులకి ఎం విలువ 0.8 దాకా పోవచ్చు అంటుంది. 0.8 వేస్తే 1.28, అంటే 28 శాతం. ఎందుకంటే ఆ కింది గాడుల మధ్య దూరం తక్కువ, పల్చటి గాలిలో ఆర్క్ గాడి లోపలికి దిగి ఎక్కదు, ఒక అంచు నుంచి ఇంకో అంచుకి దూకేస్తుంది. నువ్వు డబ్బులు పెట్టి కొన్న ఆ లోతు క్రీపేజ్‌లో కొంత భాగం అక్కడ లెక్కలోకే రాదు. సముద్ర మట్టంలో అద్భుతంగా పనిచేసిన డిజైన్, పైకి వెళ్లేకొద్దీ మామూలు డిజైన్ కంటే వేగంగా బలం పోగొట్టుకుంటుంది. సీనియర్ సలహాలో లోపం ఇదొకటి.

రెండో లోపం ఇంకా పెద్దది. యాంటీ ఫాగ్ డిస్క్ వేసి క్రీపేజ్ తెచ్చేసుకుంటే స్ట్రింగ్ పొడవు తక్కువతో అయిపోతుంది, అది విశాఖలో వరం. లేహ్‌లో నీకు కావాల్సింది స్ట్రింగ్ పొడవే, ఎందుకంటే పిడుగుని, స్విచింగ్ సర్జ్‌ని ఆపేది గాలిలో తిన్నగా కొలిచే దూరం. మామూలు డిస్కులతోనే లెక్క కట్టి చూపిస్తా. పొల్యూషన్ మీడియం, పాత లెక్కలో 20, ఇంటూ 245 అంటే 4900 మిల్లీమీటర్లు, ఇంటూ 1.17 అంటే 5730 దగ్గర, 292 తో భాగిస్తే 20 డిస్కులు. వేరే వైపు నుంచి చూడు, కింద ఇంపల్స్‌కి 14 డిస్కులు చాలు అనుకుంటే, ఇంటూ 1.36 అంటే 19. రెండు దారులూ ఇంచుమించు ఒక్కచోటికే వచ్చాయి, కాబట్టి అక్కడ మామూలు ఆకారం డిస్క్, 20 దగ్గర, ఇది చాలా సహజమైన పరిష్కారం. అదే యాంటీ ఫాగ్‌తో క్రీపేజ్ మాత్రమే చూసి కడితే 4900 ఇంటూ 1.28, అంటే 6270, బై 432, 15 డిస్కులతో ఆపేస్తావు. క్రీపేజ్ కాగితం పాస్ అవుతుంది, మొదటి పిడుగుకి లైన్ పోతుంది. ఇది లెక్క పద్ధతి చూపించడానికి, నీ ప్రాజెక్టులో అసలు అంకెలు డిజైన్‌వాళ్లు స్విచింగ్, పవర్ ఫ్రీక్వెన్సీ కూడా చూసి ఇవ్వాలి.

డిస్కులు పెంచగానే పని అయిపోయిందనుకోవద్దు. స్ట్రింగ్‌కి ఆర్కింగ్ హార్న్‌లు (ఆర్క్‌ని డిస్కుల మీద పడకుండా తమ మీదకి తీసుకునే లోహపు కొమ్ములు) ఉంటే వాటి గ్యాప్ కూడా పెంచాలి, పాత గ్యాప్ అలాగే ఉంచితే నువ్వు కలిపిన ఆరు డిస్కులూ ఇంపల్స్‌కి లేనట్టే. టవర్ బాడీకీ కండక్టర్‌కీ మధ్య 220 కేవీకి మనం కింద వాడే 2.13 మీటర్లు అక్కడ 2.9 అవ్వాలి, స్ట్రింగ్ పొడుగైతే గాలికి ఊగినప్పుడు ఇంకా లోపలికి వస్తుంది, అంటే క్రాస్ ఆర్మ్ పొడవు మారాలి, టెన్షన్ టవర్ దగ్గర జంపర్ (టవర్‌కి రెండు వైపులా ఉన్న తీగల్ని కలిపే వేలాడే తీగ) మళ్లీ చూడాలి. కింద వాడిన టవర్ డ్రాయింగ్ తీసుకెళ్లి పైన నిలబెట్టడం కుదరదు. ఇంకోటి, గాలి సాంద్రత ఎత్తు ఒక్కదానివల్లే మారదు, చలి కూడా లెక్కే. ద్రాస్‌లో మైనస్ 20 ఉన్న రాత్రి గాలి కొంచెం చిక్కబడుతుంది, 0.65 కాస్తా 0.75 దాకా వస్తుంది. పిడుగులు పడేది మాత్రం వేసవిలో, గాలి వెచ్చగా పల్చగా ఉన్నప్పుడు, కాబట్టి చలి ఇచ్చే లాభాన్ని డిజైన్‌లో వాడుకోకు.

పాలిమర్ గురించి అడగలేదు గానీ అడుగుతావని తెలుసు. సిలికాన్ రబ్బర్ మీద నీళ్లు పొరలా పరుచుకోవు, తామరాకు మీద లాగా బొట్లుగా ఉండిపోతాయి, పొర లేకపోతే లీకేజ్ లేదు, లీకేజ్ లేకపోతే డ్రై బ్యాండ్ లేదు. అంతకంటే గొప్ప గుణం ఏంటంటే రబ్బర్ లోపలి నుంచి చిన్న సిలికాన్ అణువులు పైన పడిన దుమ్ములోకి కూడా పాకి ఆ దుమ్ముని కూడా నీళ్లు అంటనిదిగా చేస్తాయి. విశాఖలాంటి చోట నేను కళ్లు మూసుకుని పాలిమరే అంటాను, 7595 క్రీపేజ్ రమారమి మామూలు స్ట్రింగ్ పొడవులోనే దొరుకుతుంది, బరువు చాలా తక్కువ. ఎత్తు మీద కూడా పనికొస్తుంది, కానీ అక్కడ కూడా అదే నియమం, క్రీపేజ్ సంఖ్య చూసి పొట్టి రాడ్ కొనొద్దు, డ్రై ఆర్కింగ్ దూరం (గాలిలో తిన్నగా కొలిచే దూరం) చూసి కొనాలి. రెండో జాగ్రత్త కరోనా, అంటే హార్డ్‌వేర్ చుట్టూ గాలిలో జరిగే చిన్న విద్యుత్ లీకు. పల్చటి గాలిలో కరోనా తక్కువ ఓల్టేజ్‌కే మొదలవుతుంది, కింద నిశ్శబ్దంగా ఉన్న హార్డ్‌వేర్ పైన బుస్సుమంటుంది. పింగాణీకి అది రేడియో గోల మాత్రమే, పాలిమర్‌కి అలా కాదు, నేరుగా మెటల్ ఫిట్టింగ్ దగ్గర రబ్బర్‌ని తినేస్తుంది, సీల్ దెబ్బతింటే తేమ లోపల ఫైబర్ గ్లాస్ రాడ్‌ని చేరుతుంది, కరోనా వల్ల పుట్టే నైట్రిక్ యాసిడ్ కలిస్తే రాడ్ కత్తితో కోసినట్టు తెగిపోతుంది, కండక్టర్ కింద పడుతుంది. కాబట్టి కరోనా రింగ్ కింద సైజ్ కాదు, ఆ ఎత్తుకి లెక్కేసిన సైజ్ కావాలి, లైన్ చివరన ఇన్సులేటర్ వైపు తిప్పి బిగించాలి, నేను చూసిన కొన్ని చోట్ల రింగ్ తలకిందులుగా బిగించి ఉన్నాయి, అది అసలు లేకపోవడంతో సమానం. రాడ్ యాసిడ్ తట్టుకునే ఈసీఆర్ గ్లాస్‌దే అడుగు.

లద్దాఖ్‌లో పొల్యూషన్ తక్కువ అని నిర్లక్ష్యం చెయ్యొద్దు, అక్కడ దాని రూపం వేరు. గాలికి లేచే సన్నటి మట్టి ఉంటుంది, వాన దాదాపు లేదు కాబట్టి కడిగేవాళ్లు లేరు, ఏళ్ల తరబడి పేరుకుంటుంది. మంచు, అంటే స్నో, డిస్కుల మధ్య ఇరుక్కుని షెడ్ (గొడుగులా బయటికి వచ్చే అంచు) నుంచి షెడ్‌కి వంతెన కడుతుంది, గడ్డకట్టి ఉన్నంతసేపు ఫర్వాలేదు, ఎండ పడగానే కరుగుతున్న నీళ్లు ఆ దుమ్ముని కలుపుకుని పైనుంచి కిందకి ఒక్క ధారగా దిగుతాయి, అప్పుడు క్రీపేజ్ ఎంతున్నా ఒకటే. అందుకే జోజి లా లాంటి చోట ఒక పెద్ద షెడ్, ఒక చిన్న షెడ్ మారి మారి వచ్చే ఆకారం మంచిది, లేదా వీ స్ట్రింగ్ (V ఆకారంలో రెండు స్ట్రింగ్‌లు) వేస్తే ధార ఒకే గీత మీద దిగదు.

ఎవరైనా ఎత్తు వల్ల ఎంత పోతుందో సులువుగా ఊహించుకోవాలంటే ఇలా చూడండి. ఇన్సులేటర్ మీద ఉప్పు రెట్టింపైతే ఫ్లాష్ ఓవర్ ఓల్టేజ్ సగం అవ్వదు, 10 నుంచి 15 శాతమే తగ్గుతుంది. సముద్ర మట్టం నుంచి 3500 మీటర్లకి వెళ్తే దుమ్ముపట్టిన స్ట్రింగ్‌కి 20 శాతం తగ్గుతుంది. అంటే ఒక్క ఉప్పు రవ్వ కూడా ఎక్కువ పడకుండానే, ఉప్పు రెండున్నర నుంచి నాలుగు రెట్లు పెరిగినంత నష్టం.

చివరిగా నువ్వు సైట్‌కి వెళ్లగానే చెయ్యాల్సినవి. టవర్ షెడ్యూల్‌లో ప్రతి టవర్‌కీ ఎత్తు కాలమ్ ఉందో లేదో చూడు, లైన్ మొత్తానికి ఒకే ఎత్తు పెట్టి ఉంటే ప్రశ్నించు, కార్గిల్ 2676 మీటర్లు, జోజి లా 3528, రెండిటికీ ఇంపల్స్ ఫ్యాక్టర్ 1.23, 1.36, తేడా చిన్నది కాదు. సప్లయర్ టెస్ట్ రిపోర్ట్ ఇస్తే టెస్ట్ ఎక్కడ జరిగింది, ఆ రోజు ఒత్తిడి, టెంపరేచర్, తేమ ఎంత, రాసిన ఓల్టేజ్ 20 డిగ్రీలు, 101.3 కిలోపాస్కల్, 11 గ్రాముల తేమకి సరిచేసినదా కాదా అని చూడు, బెంగళూరు ల్యాబే 900 మీటర్ల ఎత్తులో ఉంది, కాబట్టి కరెక్షన్ ఒకసారి వేశారా రెండుసార్లు వేశారా అసలు వెయ్యలేదా అనేది తేల్చుకోవాలి. ఆల్టిట్యూడ్ ఫ్యాక్టర్ అని ఒక్క అంకె మాత్రమే రాసి ఉంటే అది క్రీపేజ్‌కా, ఇంపల్స్‌కా, ఎం విలువ ఎంత తీసుకున్నారు అని రాతపూర్వకంగా అడుగు. పాత 16, 20, 25, 31 లోనా, కొత్తవాటిలోనా అనేది కూడా అదే ఉత్తరంలో అడిగెయ్యి. జవాబులు వచ్చాక అంకెలు ఇక్కడే పెట్టు, ఒక్కో టవర్‌కి కలిసి లెక్క చూద్దాం.